ఫ్రీరేడియస్ 3.2.5 ఎక్కించాక కూడా ఈ బ్లాస్ట్‌రేడియస్ వార్నింగులేంటి?

వేణు_నెట్

2024 జూలై 9న వచ్చిన ఫ్రీరేడియస్ 3.2.5ని నిన్న రాత్రి మా రేడియస్ సర్వర్లో (కస్టమర్ల లాగిన్లు సరిచూసేది) ఎక్కించాను. సర్వీసు ఏ గొడవా లేకుండా స్టార్ట్ అయింది, కస్టమర్లు మామూలుగానే కనెక్ట్ అవుతున్నారు. కానీ డీబగ్‌లో పెట్టి చూస్తే దాదాపు ప్రతి రౌటర్ పేరు మీదా ఒకటే వార్నింగ్. ‘బ్లాస్ట్‌రేడియస్ చెక్’ అంటుంది (సర్వర్ జవాబును దారిలో మార్చేసే దాడి పేరది), మెసేజ్ ఆథెంటికేటర్ అనే రుజువు ముద్ర లేని ప్యాకెట్ వచ్చిందంటుంది, ఆ కిందే మొత్తం పెద్దక్షరాల్లో క్లయింట్‌ను అప్‌గ్రేడ్ చెయ్, నీ నెట్‌వర్క్‌కు ముప్పుంది అంటుంది.

ఆ ముప్పు తప్పించుకోవడానికే కదా అప్‌గ్రేడ్ చేసింది! మాది కోనసీమలో చిన్న ఇంటర్నెట్ కంపెనీ, అన్నీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో ఎక్కే పీపీపీఓఈ కనెక్షన్లే. రౌటర్లు ఊళ్లలో ఉంటాయి, రేడియస్ సర్వర్ మాత్రం క్లౌడ్‌లో అద్దె మెషీన్ మీద ఉంది. రౌటర్లలో సగం పాతవి, కొన్నిటికి ఫర్మ్‌వేర్ రావడం కూడా ఆగిపోయింది. వాటన్నిటినీ మార్చాలంటే మా ఓనర్ ఒప్పుకోరు. మరి ఈ అప్‌గ్రేడ్ వల్ల నాకు ఒరిగిందేంటి? తిరిగి పాత 3.0.26కి పోవాలా?

లైన్‌మ్యాన్_లక్ష్మణ్

వెనక్కి మాత్రం పోకు తమ్ముడూ. వార్నింగ్ కనపడకపోతే ముప్పు పోయినట్టు కాదు.

ఓరుగల్లు_రౌటర్

ఇంత హడావుడి అవసరమా? రౌటర్‌కీ సర్వర్‌కీ మధ్య ఉండే షేర్డ్ సీక్రెట్ గట్టిది పెట్టుకుంటే చాలు. మా దగ్గర 32 అక్షరాలది ఉంది. లోకల్‌హోస్ట్ శాంపిల్లో ఉండే ‘టెస్టింగ్123’ని అన్ని రౌటర్లకూ కాపీ కొట్టినవాళ్లు భయపడాలి.

ప్యాకెట్_పంతులు

ఓరుగల్లు గారూ, ఈ దాడికీ సీక్రెట్ పొడవుకీ సంబంధమే లేదు. 32 కాదు, 300 అక్షరాలు పెట్టినా ఇదే కథ. కొంచెం ఓపిగ్గా చదవండి, వేణు ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది.

రౌటర్ నుంచి యాక్సెస్ రిక్వెస్ట్ వెళ్తుంది. సర్వర్ యాక్సెప్ట్ అనో రిజెక్ట్ అనో తిరుగు ప్యాకెట్ పంపిస్తుంది. ఆ జవాబు మన సర్వర్ పంపిందేనని రౌటర్ ఎలా నమ్ముతుంది? రెస్పాన్స్ ఆథెంటికేటర్ అని 16 బైట్లు ఉంటాయి. ప్యాకెట్ కోడ్, ఐడీ, పొడవు, రిక్వెస్ట్‌లో వచ్చిన ఆథెంటికేటర్, ఆట్రిబ్యూట్లు వరసగా పేర్చి, చిట్టచివర సీక్రెట్ తగిలించి, మొత్తానికి ఎండీ5 హ్యాష్ (ఎంత డేటానైనా 16 బైట్ల ముద్రగా కుదించే లెక్క) తీస్తే వచ్చేదే అది. చిక్కంతా ఆ ‘చిట్టచివర’ దగ్గరే ఉంది. ఎండీ5లో రెండు వేరువేరు మొదళ్లు తీసుకుని, వాటికి తగిన చెత్త బైట్లు జోడించి, రెండిటి హ్యాష్ ఒకటే అయ్యేలా చెయ్యొచ్చు. ఒకసారి అలా కలిశాక రెండిటి చివరా ఒకే ముక్క తగిలిస్తే హ్యాష్‌లు మళ్లీ ఒకటే అవుతాయి. ఆ ముక్క ఏంటో దాడి చేసేవాడికి తెలియాల్సిన పని లేదు. అంటే మీ సీక్రెట్ వాడికి అవసరమే లేదు.

రౌటర్‌కీ సర్వర్‌కీ మధ్య దారిలో కూర్చున్నవాడు ఇలా చేస్తాడు. తప్పుడు పాస్‌వర్డ్‌తో లాగిన్ మొదలుపెడతాడు. సర్వర్ నుంచి రాబోయే రిజెక్ట్ ప్యాకెట్ ఎలా ఉంటుందో ముందే లెక్క కట్టి, తనకు కావలసిన యాక్సెప్ట్ ప్యాకెట్‌తో దానికి కొలిజన్ (రెండిటికీ ఒకే హ్యాష్) కుదిరే చెత్తను తయారుచేస్తాడు. ఆ చెత్తను ప్రాక్సీ స్టేట్ అనే ఆట్రిబ్యూట్‌లో పెట్టి రిక్వెస్ట్‌లో దూరుస్తాడు. ప్రాక్సీ స్టేట్‌గా ఏది వస్తే దాన్ని సర్వర్ ముట్టుకోకుండా జవాబులో తిరిగి పంపాలన్నది రేడియస్ రూలు. సర్వర్ నిజాయితీగా రిజెక్ట్ పంపిస్తుంది. వాడు ఆ 16 బైట్లు తీసుకుని తన దొంగ యాక్సెప్ట్‌కి అతికించి రౌటర్‌కి ఇస్తాడు. రౌటర్ లెక్క చూసుకుంటే సరిపోతుంది, తలుపు తీస్తుంది. పాస్‌వర్డ్ తెలియకుండా, సీక్రెట్ తెలియకుండా లోపలికి వచ్చేశాడు.

దీనికి మందు మెసేజ్ ఆథెంటికేటర్, 80వ నంబరు ఆట్రిబ్యూట్. అది హెచ్‌మ్యాక్ ఎండీ5. దానిలో సీక్రెట్ లెక్క మొదట్లోనే కలుస్తుంది కాబట్టి ఈ కొలిజన్ ఎత్తు దాని మీద పారదు.

ఓరుగల్లు_రౌటర్

పంతులు గారూ, ఇంత వివరంగా ఎక్కడా చదవలేదు. ధన్యవాదాలు. కానీ ఎండీ5 పాడైపోయిందని 2004లోనే తేలింది కదా, ఇన్నేళ్లూ ఎందుకు ఊరుకున్నారు?

ప్యాకెట్_పంతులు

రేడియస్ పుట్టింది 1991లో, లివింగ్‌స్టన్ అనే కంపెనీలో, డయలప్ మోడెంల కోసం. ఇప్పటికీ అందరూ అనుసరించే ఆర్‌ఎఫ్‌సీ 2865 అనే ప్రమాణ పత్రం వచ్చింది 2000 జూన్‌లో. మెసేజ్ ఆథెంటికేటర్‌ను చెప్పిన 2869 కూడా అదే నెలలో వచ్చింది. మందు అప్పుడే ఉంది, కానీ ఈఏపీకి (వైఫై లాగిన్లలో వాడే పద్ధతి) తప్ప మిగతావాటికి తప్పనిసరి చేయలేదు. ఎండీ5ని ఇలా వాడితే ప్రమాదమని అందరూ అనుకుంటూనే ఉన్నారు, చేసి చూపించినవాళ్లు లేరు. ఇప్పుడు నదియా హెనింగర్, మార్క్ స్టీవెన్స్ వాళ్ల బృందం చేసి చూపించింది. శాన్ డియాగో కాలిఫోర్నియా యూనివర్సిటీ, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థ, మైక్రోసాఫ్ట్, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లంతా కలిసి చేసిన పని. ఎండీ5 కొలిజన్లలో స్టీవెన్స్ పాత కాపు. 2008లో దొంగ సీఏ (వెబ్‌సైట్లకు సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థ) సర్టిఫికెట్ తయారుచేసి చూపించిన బృందంలో ఆయన కూడా ఉన్నారు.

సిస్‌అడ్మిన్_సుజాత

మాది ఇంజనీరింగ్ కాలేజీ, క్యాంపస్ వైఫై మొత్తం పీఈఏపీ మీద నడుస్తుంది. పైగా ఎడ్యురోమ్ (విద్యాసంస్థల ఉమ్మడి వైఫై) కూడా ఉంది, విద్యాసంస్థల నెట్‌వర్క్ అయిన ఎర్నెట్ వాళ్ల ద్వారా వచ్చింది. మేమూ భయపడాలా?

ప్యాకెట్_పంతులు

వైఫై వరకు భయం లేదు సుజాత గారూ. ఈఏపీ ప్యాకెట్‌కి మెసేజ్ ఆథెంటికేటర్ ఉండాల్సిందే, లేకపోతే పడేస్తారు. పీఈఏపీ, టీటీఎల్ఎస్, ఈఏపీ టీఎల్ఎస్ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఎడ్యురోమ్ మొత్తం ఈఏపీయే. దెబ్బ తగిలేది పీఏపీ, చాప్, ఎంఎస్‌చాప్ అనే పాత పాస్‌వర్డ్ పద్ధతులు విడిగా వాడేవాళ్లకి. మీ కాలేజీలో స్విచ్‌ల అడ్మిన్ లాగిన్‌ని రేడియస్‌కి కలిపారేమో చూసుకోండి. అది చాలాచోట్ల పీఏపీయే.

సిస్‌అడ్మిన్_సుజాత

కలిపాం! కోర్ స్విచ్, హాస్టల్ స్విచ్‌లు అన్నీ. ఈ కోణం తట్టనే లేదు. ఇప్పుడే చూస్తాను.

రాత్రి_షిఫ్ట్

అందరికన్నా ముందు మేలుకోవాల్సింది వీపీఎన్ వాళ్లు. మా ఆఫీసులో ఫైర్‌వాల్ వీపీఎన్ లాగిన్ పీఏపీతోనే రేడియస్‌కి వెళ్తుంది, వెనకాల ఓటీపీ సర్వర్ ఉంటుంది. ఓటీపీ ఉంది కాబట్టి మాకేం కాదని మా సెక్యూరిటీ టీమ్ వాదించింది. సర్వర్ ఏం చెప్పినా దారిలో ఉన్నవాడు దాన్ని యాక్సెప్ట్‌గా మార్చగలిగినప్పుడు ఓటీపీ తప్పయితే మాత్రం ఏం లాభం? ఫైర్‌వాల్‌కి తెలిసేది ఆ జవాబు ఒక్కటే. ఆ మాట విన్నాక గానీ అప్‌గ్రేడ్‌కి విండో ఇవ్వలేదు.

కాకినాడ_కాజా

ఇక్కడ నాది చిన్న అభ్యంతరం. ఆ పరిశోధకులకే కొలిజన్ తీయడానికి 3 నుంచి 6 నిమిషాలు పట్టింది, అదీ పదుల కొద్దీ సర్వర్లు పెట్టి. మన రౌటర్లలో రేడియస్ టైమవుట్ సెకన్లలో ఉంటుంది. అంతసేపు ఏ రౌటరూ ఆగదు. కాబట్టి ఇది పేపర్ మీద ప్రమాదమే, మన కోనసీమ రౌటర్ మీద కాదు.

రాత్రి_షిఫ్ట్

వాళ్లు వాడినవి యూనివర్సిటీలో పడి ఉన్న పాత మెషీన్లు కాజా. ఆ లెక్కను ఎఫ్‌పీజీఏ చిప్‌ల మీదకి ఎక్కిస్తే ఇంకా చాలా వేగం వస్తుందని వాళ్లే రాశారు. పైగా వీపీఎన్‌లో ఫోన్‌లో ఓకే నొక్కే పద్ధతి పెట్టుకున్నవాళ్లు, యూజర్ ఫోన్ తీసి నొక్కేదాకా ఆగాలని టైమవుట్ 60 సెకన్లకో, అంతకన్నా ఎక్కువకో పెంచుకుంటారు. మా దగ్గరా అంతే.

కాకినాడ_కాజా

ఆ టైమవుట్ సంగతి సరే, ఒప్పుకుంటా. కానీ వేణు లాంటివాళ్లకి రౌటర్లు మార్చేదాకా ఈ అప్‌గ్రేడ్ దండగే కదా? రౌటర్ చెక్ చేయనప్పుడు సర్వర్ ఒక్కటే ఏం పీకుతుంది?

ప్యాకెట్_పంతులు

దండగ కాదు కాజా. ఎక్కువమంది పొరపడుతున్నది ఇక్కడే.

3.2.5 ఇప్పుడు యాక్సెప్ట్, రిజెక్ట్, ఛాలెంజ్ దేనికైనా జవాబులో మెసేజ్ ఆథెంటికేటర్‌ను అన్ని ఆట్రిబ్యూట్ల కన్నా ముందు పెడుతుంది. దాడి చేసేవాడు జవాబు మొదలు ఎలా ఉంటుందో ముందే ఊహించాలని పైన చెప్పాను కదా. ఇప్పుడు ఆ మొదట్లోనే సీక్రెట్‌తో లెక్కగట్టిన 16 బైట్లు వచ్చి కూర్చున్నాయి. వాడికి సీక్రెట్ తెలియదు కాబట్టి వాటిని ఊహించలేడు, ఊహించలేకపోతే కొలిజన్ కుదరదు. పాత రౌటర్ ఆ ఆట్రిబ్యూట్‌ని చూసి పట్టించుకోకపోయినా సరే, ఎత్తు పారదు. ఇది అప్‌గ్రేడ్ చేసిన నిమిషం నుంచే పనిచేసే రక్షణ.

రెండోది లిమిట్ ప్రాక్సీ స్టేట్. మెసేజ్ ఆథెంటికేటర్ లేకుండా ప్రాక్సీ స్టేట్‌తో వచ్చిన ప్యాకెట్‌ని సర్వర్ పడేస్తుంది. మామూలు రౌటర్ ప్రాక్సీ స్టేట్ పంపదు, అది ప్రాక్సీలు (రిక్వెస్ట్‌ను వేరే సర్వర్‌కి అందించే సర్వర్లు) పంపేది. కాబట్టి వేణు రౌటర్లలో ఒక్కదానికీ ఇది అడ్డు రాదు.

మూడోది రిక్వైర్ మెసేజ్ ఆథెంటికేటర్. దీనికే రౌటర్ సహకారం కావాలి. వార్నింగ్ ఇస్తున్నది దీని గురించే.

వేణు_నెట్

అమ్మయ్య. ఓనర్‌కి ఏం చెప్పాలో ఇప్పుడు తెలిసింది. ఇంకో డౌట్ పంతులు గారూ. ఈ రెండూ ‘ఆటో’లో ఉన్నాయి. అలాగే వదిలేయొచ్చా?

ప్యాకెట్_పంతులు

వదలొద్దు. ఆటో అంటే సర్వర్ స్టార్ట్ అయ్యాక ఆ క్లయింట్ నుంచి వచ్చిన మొదటి ప్యాకెట్ చూసి నిర్ణయం తీసుకుంటుంది. మొదటి ప్యాకెట్‌లో మెసేజ్ ఆథెంటికేటర్ ఉంటే ఇకమీద ఉండాల్సిందే అంటుంది, లేకపోతే వార్నింగ్ ఇచ్చి వదిలేస్తుంది. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ మళ్లీ మొదటికొస్తుంది. ఆ మొదటి ప్యాకెట్‌నే ఎవడైనా మార్చి పంపితే? అప్‌గ్రేడ్ రోజున సర్వీసు ఆగకుండా ఉండటానికి ఆటో పెట్టారు, ఏళ్ల తరబడి ఉంచుకోవడానికి కాదు.

రేడియస్‌డీ కాన్ఫ్‌లో సెక్యూరిటీ సెక్షన్‌లో లిమిట్ ప్రాక్సీ స్టేట్ ‘ట్రూ’ చెయ్యి. క్లయింట్స్ కాన్ఫ్‌లో కొత్త ఫర్మ్‌వేర్ ఉన్న రౌటర్లకి ఒక్కొక్కదానికీ రిక్వైర్ మెసేజ్ ఆథెంటికేటర్ ‘ట్రూ’ రాయి. పాతవాటికి ‘ఫాల్స్’ అని చేత్తోనే రాయి. అప్పుడు ఏది మిగిలిందో ఫైల్ తెరిస్తే కనపడుతుంది.

లైన్‌మ్యాన్_లక్ష్మణ్

ఆ పెద్దక్షరాల వార్నింగ్ చూస్తే మా లెక్కల మాస్టారు ఎర్ర ఇంకు గుర్తొచ్చింది. తిట్టినా మన మంచికే.

డల్లాస్_దామోదర్

నేను ఇక్కడ ఒక హాస్పిటల్ గ్రూప్‌కి నెట్‌వర్క్ చూస్తుంటాను. చేసే వరుస గురించి ఒక మాట చెప్పాలి. మా వైర్‌లెస్ టీమ్ సర్వర్ కన్నా ముందు కొన్ని పరికరాలకి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించేసింది. ఆ ఫర్మ్‌వేర్‌లో సర్వర్ జవాబులో మెసేజ్ ఆథెంటికేటర్ ఉండి తీరాలన్నది డిఫాల్ట్. ఇంకా అప్‌గ్రేడ్ కాని సర్వర్ పీఏపీ జవాబుల్లో దాన్ని పెట్టడం లేదు. సర్వర్ లాగ్‌లో చూస్తే అన్నీ యాక్సెప్ట్‌లే, పరికరంలో చూస్తే రేడియస్ టైమవుట్. రెండు టీమ్‌లూ తప్పు నీదంటే నీదని కూర్చున్నాయి. చివరికి ప్యాకెట్ క్యాప్చర్ తీస్తే తేలింది. జవాబు వస్తోంది, పరికరం దాన్ని నోరెత్తకుండా పారేస్తోంది.

కాబట్టి సర్వర్లు ముందు, రౌటర్లు తర్వాత. ఎట్టి పరిస్థితిలోనూ తిరగెయ్యొద్దు.

ఓరుగల్లు_రౌటర్

దామోదర్ అన్నా, సరిగ్గా ఇదే మొన్న మా దగ్గర జరిగింది! ఒక్క సైట్‌లో రౌటర్ అప్‌గ్రేడ్ చేయగానే కస్టమర్లు ఎవరూ ఎక్కలేదు. ఆ సెట్టింగ్ ఆపేస్తే మళ్లీ వచ్చారు. కారణం ఇప్పుడు అర్థమైంది.

డల్లాస్_దామోదర్

సర్వర్ కొత్తదయ్యాక ఆ సెట్టింగ్ మళ్లీ ఆన్ చెయ్యి. చాలామంది ఆపేసి అలాగే మర్చిపోతారు.

హార్డ్‌డిస్క్_హరి

ఉబుంటు 22.04 రెపోలో ఉన్నది 3.0.26 కదా వేణు బ్రో, నువ్వు 3.2.5 ఎక్కడ నుంచి ఎక్కించావు?

వేణు_నెట్

ఫ్రీరేడియస్ టీమ్ వాళ్ల సొంత రెపో ఉంది కదా, నెట్‌వర్క్ రేడియస్ ప్యాకేజీలు. దాంట్లోంచే.

హార్డ్‌డిస్క్_హరి

అయితే ఒకటి చూసుకో. ఉబుంటు, డెబియన్ ప్యాకేజీల్లో కాన్ఫిగ్ ఈటీసీ కింద ఫ్రీరేడియస్ ఫోల్డర్‌లో, దాని లోపల 3.0 అనే ఇంకో ఫోల్డర్‌లో ఉంటుంది. వాళ్ల సొంత ప్యాకేజీలు నేరుగా ఫ్రీరేడియస్ ఫోల్డర్‌లోనే చూస్తాయి, 3.0 లోపలికి వెళ్లవు. నువ్వు పాత ఫోల్డర్‌లో ఫైల్ మార్చి, సర్వీస్ రీస్టార్ట్ చేసి, ఏమీ మారలేదేంటని తల పట్టుకుంటావు. డీబగ్ మొదట్లోనే ‘ఇంక్లూడింగ్ కాన్ఫిగరేషన్ ఫైల్’ అని పూర్తి పాత్ వేస్తుంది, ఆ లైను చదువు. మార్చిన ప్రతిసారీ రీస్టార్ట్‌కి ముందు ఫ్రీరేడియస్ కమాండ్‌కి పెద్ద సీ, పెద్ద ఎక్స్ కలిపి ఇచ్చి కాన్ఫిగ్ చెక్ చేసుకో. తప్పుంటే ఆ లైను నంబరుతో సహా చెప్పేస్తుంది, కస్టమర్ల సర్వీసు ఆగదు.

వేణు_నెట్

కాన్ఫిగ్ కొత్త ఫోల్డర్‌కి మార్చే ఎక్కించాను హరీ, ఆ పాత్ లైను కూడా సరిగ్గానే చూపిస్తోంది. చెక్ కమాండ్ మాత్రం తెలియదు, థాంక్స్.

సిస్‌అడ్మిన్_సుజాత

అప్‌డేట్: హాస్టల్ స్విచ్‌లు మెసేజ్ ఆథెంటికేటర్ పంపడం లేదు, కోర్ స్విచ్ పంపుతోంది. మేనేజ్‌మెంట్ వీలాన్ (స్విచ్‌ల నిర్వహణకు విడిగా పెట్టిన నెట్‌వర్క్) వేరుగానే ఉంది కానీ, హాస్టల్ ర్యాక్ గదికి తాళం లేదు. పిల్లలు అక్కడే ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకుంటారు. ముందు తాళం వేయిస్తున్నాను.

కాకినాడ_కాజా

సుజాత గారిది ఈ థ్రెడ్ మొత్తంలో అందరికన్నా త్వరగా అయ్యే పని.

ఓరుగల్లు_రౌటర్

పంతులు గారూ, అయితే నా 32 అక్షరాల సీక్రెట్ వృథాయేనా?

ప్యాకెట్_పంతులు

అయ్యో, కాదండీ. అది వేరే దాడికి రక్షణ. ఎవడైనా ఒక రిక్వెస్ట్‌నీ దాని జవాబునీ పట్టుకుంటే చాలు, ఇంట్లో కూర్చుని సీక్రెట్‌ను ఒక్కొక్కటే ఊహిస్తూ ఆ 16 బైట్లతో సరిచూసుకోవచ్చు. చిన్న సీక్రెట్ అయితే త్వరగా దొరికిపోతుంది. సీక్రెట్ దొరికితే పీఏపీ పాస్‌వర్డ్‌లన్నీ చదివేయొచ్చు, ఎందుకంటే యూజర్ పాస్‌వర్డ్‌ను దాచేది కూడా ఆ సీక్రెట్‌తో తీసిన ఎండీ5తోనే. కాబట్టి పొడవు ఉంచండి. అన్ని రౌటర్లకీ ఒకటే పెట్టకండి.

వేణూ, నీ విషయంలో నాకు అసలు భయం వేరే ఉంది. ఊళ్లలో రౌటర్లు, క్లౌడ్‌లో సర్వర్ అన్నావు. మధ్యలో ఏముంది?

వేణు_నెట్

ఏమీ లేదు. నేరుగా ఇంటర్నెట్ మీద 1812, 1813 పోర్టులు. ఫైర్‌వాల్‌లో మా రౌటర్ల ఐపీలకే తెరిచాం.

ప్యాకెట్_పంతులు

అదే అనుకున్నాను. ఐపీ ఫిల్టర్ బయటివాణ్ని ఆపుతుంది, దారిలో కూర్చున్నవాణ్ని ఆపదు. బ్లాస్ట్‌రేడియస్‌కి కావలసింది సరిగ్గా ఆ దారే. అది పక్కన పెట్టినా, రేడియస్‌లో పాస్‌వర్డ్ తప్ప మిగతాదంతా బట్టబయలే. నీ కస్టమర్ యూజర్‌నేమ్, మ్యాక్ అడ్రస్, వాడికి ఇచ్చిన ఐపీ, ఎప్పుడు ఎక్కాడు, ఎంత డేటా వాడాడు అన్నీ 1812, 1813ల మీద తెరిచిన కార్డులా వెళ్తున్నాయి. ఆ ఊళ్ల నుంచి క్లౌడ్ దాకా ఎన్ని చేతులు మారుతుందో మనకి తెలియదు. కస్టమర్ల వివరాలు మన చేతిలో పెట్టినప్పుడు ఇది మన బాధ్యత.

ఎన్‌క్రిప్ట్ చేసిన టన్నెల్ వెయ్యి. రౌటర్లో వైర్‌గార్డ్ ఉంటే అది, పాతదైతే ఐపీసెక్. రేడియస్ ట్రాఫిక్ టన్నెల్ లోపలి ఐపీలకే వెళ్లేలా చేసి, ఆ తర్వాత పబ్లిక్ ఐపీ మీద ఆ రెండు పోర్టులూ మూసెయ్యి. పాత రౌటర్లు మార్చలేనన్నావు కదా, వాటికి ఇదే సరైన దారి. డబ్బు ఖర్చు లేదు, నీ టైమే.

రాత్రి_షిఫ్ట్

రాడ్‌సెక్ గురించి కూడా చెప్పండి. ఫ్రీరేడియస్‌లో 3.0 నుంచే ఉంది. టీసీపీ 2083 మీద టీఎల్ఎస్‌లో రేడియస్ మొత్తం వెళ్తుంది. రౌటర్ సపోర్ట్ చేస్తే టన్నెల్ కన్నా శుభ్రమైన పని. ఎండీ5 మీద ఆధారపడే అవసరమే పోతుంది.

హార్డ్‌డిస్క్_హరి

సపోర్ట్ ఉంటే నిజమే. కానీ ప్రతి రౌటర్‌కీ సర్టిఫికెట్ ఇవ్వాలి, గడువు తీరకముందే మార్చాలి. ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లున్న కంపెనీలో సర్టిఫికెట్ గడువు తీరితే ఊరంతా నెట్ పోతుంది. ముందు వైర్‌గార్డ్, ఆ తర్వాత నెమ్మదిగా రాడ్‌సెక్ అంటాను.

రాత్రి_షిఫ్ట్

మా దగ్గర సర్టిఫికెట్లు ఆటోమేట్ చేశాం కాబట్టి నాకు తేలిక అనిపించింది. వేణుకి హరి చెప్పిందే నయం.

లైన్‌మ్యాన్_లక్ష్మణ్

వేణూ, టన్నెల్ వేశాక ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) చూసుకో. మాకు ఒక లింక్‌లో చిన్న ప్యాకెట్లు వెళ్లేవి, ఆట్రిబ్యూట్లు ఎక్కువున్న యాక్సెప్ట్ ప్యాకెట్లు ఆగిపోయేవి. కొందరే కనెక్ట్ అవుతుంటే అందరూ పాస్‌వర్డ్ తప్పనుకున్నాం.

వేణు_నెట్

ఓనర్‌తో మాట్లాడాను. రౌటర్లు మార్చడానికి డబ్బు అడగట్లేదు, టన్నెల్ వేసుకుంటాం అనేసరికి వెంటనే సరే అన్నారు. అమలాపురం పాప్‌తో (అక్కడి మా నెట్‌వర్క్ కేంద్రం) మొదలుపెడుతున్నాను, రాత్రి ఒంటిగంట తర్వాత. ఏ రౌటర్ మెసేజ్ ఆథెంటికేటర్ పంపుతోందో, ఏది పంపట్లేదో సర్వర్ ఆపకుండా చూడటం ఎలా? డీబగ్ పెట్టాలంటే సర్వీస్ ఆపాలి కదా.

హార్డ్‌డిస్క్_హరి

సర్వీస్ ఆపక్కర్లేదు. సర్వర్ మీద టీసీపీడంప్‌ని (ప్యాకెట్లను చూపించే టూల్) యూడీపీ 1812కి పెట్టి, ‘-vv’ ఆప్షన్ ఇచ్చి చూడు. వచ్చే ప్రతి యాక్సెస్ రిక్వెస్ట్ కింద ఆట్రిబ్యూట్లన్నీ పేర్లతో కనిపిస్తాయి. 80 నంబరు ఉన్న రౌటర్లను ఒక వైపు, లేనివాటిని ఒక వైపు రాసుకో. కస్టమర్లు తగ్గే రాత్రి పూట కాదు, సాయంత్రం అందరూ ఎక్కే టైంలో పెట్టు. అప్పుడు అన్ని రౌటర్ల నుంచీ ప్యాకెట్లు వస్తాయి.

డల్లాస్_దామోదర్

ఆ లిస్టు తయారయ్యాక ఫర్మ్‌వేర్ వెర్షన్లతో సహా ఇక్కడ పెట్టు వేణూ, ఐపీలు తీసేసి. ఏ పరికరాలకి అప్‌డేట్ వచ్చిందో తలా ఒకటి వెతికి నింపుదాం. స్విచ్‌లవి సుజాత గారు, వీపీఎన్ ఫైర్‌వాల్స్‌వి రాత్రి షిఫ్ట్ చూస్తే వైర్‌లెస్ నేను చూస్తాను.

సిస్‌అడ్మిన్_సుజాత

స్విచ్‌లు నావి. శనివారంలోగా పెడతాను.